గోడలో మిగిలిన జ్వరం

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో ప్రొద్దుటూరులో చేసిన ఉపన్యాసం)

భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డులో జీవరసాయనంలో పేరు తెచ్చుకుని, చివరికి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనంతటికీ పెద్దదిక్కుగా నిలిచిన సుబ్బారావు గారిని తలుచుకునేటప్పుడు మనం ఎక్కువగా బోదకాలు మందునూ, ఫోలిక్ ఆమ్లాన్నీ, క్యాన్సర్ మందునూ చెప్పుకుంటాం. నేను ఈరోజు ఇంకొక మందు దగ్గర మొదలుపెడతాను. 1948 జులైలో, సుబ్బారావు గారు కన్నుమూయడానికి కొద్ది వారాల ముందు, ఆయన ఆధ్వర్యంలో పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే మందును లోకం ముందు పెట్టారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి పొలంలో తీసిన మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి ఇచ్చిన మందు అది. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలం. ఆ వంశంలో తర్వాత పుట్టిన డాక్సీసైక్లిన్ 1967 నుంచి వాడుకలో ఉంది. జ్వరంతో కూలబడి, ముక్కు వెంట రక్తం కారుతున్న కుక్కను ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో పశువైద్యుడి బల్ల మీద పడుకోబెడితే, ఆయన చెయ్యి ముందు పోయేది ఆ మాత్ర వైపే. దాని వల్ల బతికిన కుక్కలకు లెక్కలేదు. కానీ ఆ మందు ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా మనం సరిగ్గా తెలుసుకోవాలి. కుక్క ఒంట్లో జ్వరం తగ్గిన తర్వాత కూడా గోడలో జ్వరం మిగిలే ఉంటుంది. గోమారి తెచ్చే ఈ నెత్తుటి జబ్బును కుక్క జబ్బుగా చూసినంత కాలం మనం మందులు కొంటూనే ఉంటాం. దాన్ని చోటు జబ్బుగా చూసి, వీధినీ ఇంటినీ కొట్టాన్నీ కలిపి వైద్యం చేస్తే తప్ప దారి మారదు. ఈ ఒక్క మాట కోసమే ఈ ఉపన్యాసం.

జబ్బు సంగతి ముందు చెప్పుకుందాం. ఎర్లీషియా కేనిస్ అనే బాక్టీరియా గోమారి ఉమ్మితో పాటు కుక్క నెత్తురులోకి దిగుతుంది. రక్తంలో కాపలా కాయవలసిన తెల్లకణాల్లోనే, ముఖ్యంగా మోనోసైట్లలో, అది కాపురం పెడుతుంది. రంగు వేసిన రక్తపు స్లైడును సూక్ష్మదర్శిని కింద చూస్తే, అదృష్టం బాగుంటే, ఆ కణం లోపల పట్టురైతులకు తెలిసిన మల్బరీ పండు ఆకారంలో చిన్న గుత్తి కనిపిస్తుంది. అదృష్టం అనడానికి కారణం ఉంది. జ్వరం తీవ్రంగా ఉన్న తొలి రోజుల్లో కూడా ఆ గుత్తి కనబడేది నూటికి నాలుగు కుక్కల్లోనే. గోమారి కుట్టిన ఎనిమిది నుంచి ఇరవై రోజుల్లో జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, గజ్జల్లోనూ మెడ కిందా గ్రంథులు ఉబ్బుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల మాట ఇప్పుడు ప్రతి ఇంటికీ తెలుసు, కాబట్టి దాన్ని విడమరచనక్కర్లేదు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలా కుక్కలు మందు లేకుండానే లేచి తిరుగుతాయి. యజమాని గండం గడిచిందనుకుంటాడు. అసలు మోసం అక్కడే ఉంది. క్రిమి ప్లీహంలో దాక్కుని నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుపుతుంది. కుక్క తింటుంది, మొరుగుతుంది, పిల్లలతో ఆడుతుంది. తర్వాత కొన్ని కుక్కల్లో ఎముక మూలుగ చతికిలబడుతుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఎండిపోతాయి. ముక్కు నుంచి ఆగకుండా రక్తం కారి చచ్చిపోయే కుక్కలు ఈ మూడో దశవి. అప్పుడు మందు ఇచ్చినా చాలాసార్లు చెయ్యి దాటిపోయి ఉంటుంది.

ఈ క్రిమికి తోడుగా అదే గోమారి ఇంకొన్నింటిని మోస్తుంది. అనాప్లాస్మా ప్లాటిస్ అనే బాక్టీరియా నేరుగా ప్లేట్‌లెట్లలోనే దూరుతుంది. బబీసియా బాక్టీరియా కాదు, ఎర్రకణాలను పగలగొట్టే ఏకకణజీవి. ఒకే కుక్కలో రెండు మూడు కలిసి ఉండటం అరుదేమీ కాదు. ఇవన్నీ ఈమధ్య సీమజాతి కుక్కలతో దిగుమతి అయిన జబ్బులని ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర దాన్ని ఒప్పుకోదు. కడప జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజుల్లోనే, 1910లో, పాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసు వేటకుక్కల నెత్తురులో బబీసియా గిబ్సోనైని కనిపెట్టి, ఆ తర్వాత అదే క్రిమిని నక్క నెత్తురులోనూ చూశారు. ఎర్లీషియాను 1935లో అల్జీరియాలో డొనాషియన్, లెస్టొకార్డ్ అనే ఇద్దరు ఫ్రెంచివారు వర్ణించారు. పదేళ్లు తిరగకముందే, 1944లో, మద్రాసు నుంచి ముదలియార్ మన దేశపు తొలి నివేదికను అచ్చువేయించారు. అంటే ఈ జబ్బు శాస్త్రానికి తెలిసిన నాటి నుంచీ మన నేల మీద ఉన్నదే. ప్రపంచం దాన్ని పట్టించుకున్నది మాత్రం వియత్నాం యుద్ధంలో. 1968 నుంచి రెండేళ్ల పాటు అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డులు ముక్కు నుంచి రక్తం కారుతూ వందకు పైగా చనిపోయాయి. అప్పుడు సైన్యం మిగిలిన కుక్కలకు రోజూ కొద్ది మోతాదులో టెట్రాసైక్లిన్ పెట్టించింది. మందు పెట్టినన్నాళ్లు జబ్బు ఆగింది. సుబ్బారావు గారి ప్రయోగశాలలో మొదలైన వంశం అక్కడ నిలబడి పోరాడింది. కానీ బయట ఉన్న గోమారికి ఆ మాత్ర ఏమీ చేయలేదు.

ఇక గోమారి సంగతి. పిడుదు అన్నా, గోమారి అన్నా మనం పశువులకు పట్టేదాన్నీ కుక్కకు పట్టేదాన్నీ ఒకే పేరుతో పిలుస్తాం. నా వాదనంతా వాటి మధ్య ఉన్న తేడా మీదే నిలబడి ఉంది. ఆవుకు ఎక్కువగా పట్టే గోమారి పిల్లగా ఎక్కితే పెద్దదై, నెత్తురు తాగి నిండిన తర్వాతే దిగుతుంది. కుక్కకు పట్టే గోధుమరంగు గోమారి అలా కాదు. పిల్లగా ఎక్కి, కొన్ని రోజులు తాగి దిగిపోతుంది. గోడ సందులో కూర్చుని కుబుసం విడుస్తుంది. మళ్లీ ఎక్కి తాగి మళ్లీ దిగుతుంది. మూడోసారి పెద్దదై ఎక్కి, ఆడదైతే శనగగింజంత ఉబ్బి, దిగి, ఏ పగుల్లోనో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దాని బతుకులో కుక్క మీద గడిపేది లెక్కకు కొద్ది రోజులు. మిగతా కాలమంతా ఇంట్లోనే గడుస్తుంది. పెద్ద గోమారి ఏమీ తాగకుండా నెలల తరబడి బతుకుతుంది. ఎర్లీషియా దాని ఒంట్లో అయిదు నెలల పైన సజీవంగా ఉండగలదని ప్రయోగాల్లో తేలింది. పైగా దీనికి నేలకన్నా ఎత్తు ఇష్టం. గోడ ఎక్కి, కప్పు సందుల్లోకి పోతుంది. జమ్మలమడుగు వైపు నాపరాళ్లు పేర్చి కట్టిన గోడలు, మట్టిమిద్దెల్లో దంతెల మధ్య ఖాళీలు, ప్రొద్దుటూరు పాతపేటల్లో ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల పగుళ్లు, గాడిపాడు పక్కన పేర్చిన బండలు దానికి ఎంత అనువైన చోట్లో వేరే చెప్పాలా? వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ నేలలో బయట రాయి కాలుతున్నా సందు లోపల చల్లగానే ఉంటుంది. వేడి వల్ల గుడ్డు త్వరగా పొదుగుతుంది, తరం త్వరగా తిరుగుతుంది. అన్నీ కలిసివస్తే రెండు నెలల్లో ఒక తరం పూర్తవుతుంది.

ఇంకొక సంగతి ఉంది. ఎర్లీషియా గోమారి గుడ్డులోకి పోదు. తల్లికి ఉన్నా పిల్లకు రాదు. ప్రతి కొత్త తరమూ శుభ్రంగానే పుడుతుంది. జబ్బు ఉన్న కుక్కను కుట్టినప్పుడే పిల్ల గోమారికి క్రిమి అంటుతుంది, కుబుసం విడిచి తర్వాతి దశలో ఇంకో కుక్కను కుట్టినప్పుడు ఆ కుక్కకు ఇస్తుంది. కాబట్టి ఈ గొలుసుకు రెండే కడియాలు. ఒకటి, లక్షణాలు లేకుండా తిరిగే కుక్క. రెండోది, దాని నుంచి తాగి గోడ సందులో కూర్చున్న గోమారి. పశువైద్యశాల బల్ల మీదకు వచ్చే కుక్క ఈ గొలుసుకు చివర ఉన్న జంతువు. ఇరవైఎనిమిది రోజులు, కిలో బరువుకు పది మిల్లీగ్రాముల చొప్పున డాక్సీసైక్లిన్ పెట్టి దాన్ని బాగుచేసి ఇంటికి పంపుతాం. అది అదే అరుగు కింద, అదే నాపబండ మీద పడుకుంటుంది. ఒకసారి జబ్బుపడి లేచిన కుక్కకు మళ్లీ రాకుండా కాపాడేంత శక్తి ఒంట్లో మిగలదు. టీకా ఇప్పటికీ లేదు. గోమారి అంటుకున్న కొన్ని గంటల్లోనే క్రిమి దిగిపోగలదు కాబట్టి, సాయంత్రం కుక్క ఒళ్లు వెతికి గోమార్లు ఏరివేయడం మంచి అలవాటే అయినా పూర్తి రక్షణ కాదు. నెల తిరిగేసరికి అదే కుక్క అదే జ్వరంతో వస్తే మందు పనిచేయలేదని అనుకుంటాం. మందు తన పని తాను చేసింది. మనం చేయవలసిన పని మిగిలిపోయింది.

చోటుకు వైద్యం చేయడం సాధ్యమా అని అడిగేవారికి చరిత్రలో గట్టి జవాబు ఉంది. రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడడానికి నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పశువుల టెక్సాస్ జ్వరాన్ని గోమారి తెస్తుందని రుజువు చేశారు. పురుగు జబ్బును మోస్తుందన్నదానికి అంత గట్టి రుజువు అంతకుముందు లేదు. ఆ జ్వరానికి అప్పుడు చెప్పుకోదగ్గ మందు లేదు. అయినా 1906లో మొదలుపెట్టి 1943 కల్లా, మెక్సికో సరిహద్దులో సన్నని పట్టీ మినహా, ఆ గోమారిని దేశం నుంచి దాదాపు తుడిచిపెట్టారు. పశువులన్నిటినీ వరుసగా మందునీటి తొట్లలో ముంచి తీశారు, ఒక్క రైతు పశువును కూడా వదలకుండా, ఏళ్ల తరబడి. ఆవు గోమారి ఆవు మీదే ఉంటుంది కాబట్టి అది కుదిరింది, కుక్క గోమారి గోడలో ఉంటుంది కదా అంటారేమో. దానికి జవాబు అరిజోనా రాష్ట్రంలో ఉంది. అక్కడి గిరిజన ప్రాంతాల్లో 2003 నుంచి మనుషులకు మచ్చల జ్వరం వచ్చి ప్రాణాలు పోయాయి. దాన్ని మోసింది ఊరిలో తిరిగే కుక్కల మీది గోధుమరంగు గోమారే, మన గోమారికి దగ్గరి చుట్టం. 2012లో ఒక ఊరిలో ప్రతి కుక్కకూ గోమార్లను చంపే మెడపట్టీ కట్టి, ఇళ్ల చుట్టూ మందు కొట్టారు. ఆ తర్వాత చూస్తే గోమార్లు కనిపించిన కుక్కలు అక్కడ నూటికి ఒకటి, ఆ పని చేయని పక్క ఊళ్లలో నూటికి 64. అక్కడా ఎడారి ఎండలే, అక్కడా కట్టని కుక్కలే, అక్కడా పేదరికమే.

ఇందులో ఉన్న కిటుకు గమనించదగ్గది. గోడలో ఉన్న ప్రతి గోమారీ బతకాలంటే ఎప్పుడో ఒకప్పుడు కుక్క మీదికి రావాలి. వీధిలోని అన్ని కుక్కల ఒంట్లోనూ గోమారిని చంపే మందు ఏకకాలంలో ఉంటే, కుక్కే ఉచ్చు అవుతుంది. ఫ్లూరలానర్ వంటి కొత్త మాత్రలు ఒక్కటి వేస్తే పన్నెండు వారాల దాకా పనిచేస్తాయి. ఒక్క కుక్కకు వేస్తే ఆ కుక్కకు ఉపశమనం. వీధి మొత్తానికి వేస్తే గోడ ఖాళీ అవుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, సుబ్బారావు గారి ఇంకొక మందు మనకు ఎప్పుడో నేర్పినదే. ఆయన బృందం ఇచ్చిన డైఇథైల్‌కార్బమజైన్‌ను బోదకాలు మీద మన దేశం ఎలా వాడింది? కాలు వాచినవారికే ఇచ్చి ఊరుకోలేదు. 2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాలన్నిటిలో, పసిపిల్లలనూ గర్భిణులనూ తీవ్రంగా జబ్బుపడినవారినీ మినహాయించి, జబ్బు ఉన్నవారికీ లేనివారికీ ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించారు. నెత్తురులో క్రిమి ఉన్న మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు, కానీ దోమకు దొరికేది అతనే. కనబడని మూలాన్ని తడమాలంటే ఊరంతటికీ ఇవ్వాలి. ఒక మందు గొప్పతనం దాన్ని కనిపెట్టినవారిది, దాన్ని వాడే పద్ధతి మాత్రం సమాజానిది. ఆ పద్ధతి గోదావరి జిల్లాల్లో మనుషుల కోసం నేర్చుకున్నాం. కడప జిల్లాలో కుక్కల కోసం ఇంకా నేర్చుకోలేదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది చాలామంది అనుభవంగా చెప్పేది. నాటుకుక్కలకు ఇవేవీ రావు, సీమకుక్కలను తెచ్చుకున్నవారి తలనొప్పి ఇది అని. ఇందులో కొంత నిజం ఉంది. జర్మన్ షెపర్డుల్లో ఈ జబ్బు తీవ్రంగా వస్తుందని ప్రయోగాల్లోనే తేలింది. కానీ నాటుకుక్క జబ్బు పడకపోవడం వేరు, క్రిమి లేకపోవడం వేరు. తరతరాలుగా ఈ క్రిమితో బతికిన కుక్కలు దానితో ఒక రాజీకి వచ్చి, నెత్తురులో దాన్ని మోస్తూ నిలబడి ఉంటాయి. జబ్బు కనబడదు కాబట్టి వైద్యం అందదు, వైద్యం అందదు కాబట్టి గోమార్లకు అవే నిధి. ఆ రాజీ కూడా శాశ్వతం కాదు. తిండిలేని ఎండాకాలంలో, ఈనిన కుక్కలో, బబీసియా కూడా తోడైనప్పుడు అది తెగిపోతుంది. ఈ క్రిమి కొత్త చోటుకు పోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. అక్కడ గోమారి ఎప్పటినుంచో ఉంది, క్రిమి లేదు. 2020 మేలో పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన కింబర్లీ ప్రాంతంలో మొదటిసారి దొరికింది. చూస్తుండగానే అది పక్క రాష్ట్రాలకు పాకి, మారుమూల ఆదివాసీ గూడేల్లోని కుక్కలను చంపింది. గోమారి సిద్ధంగా ఉన్న చోట క్రిమి రావడానికి ఒక్క కుక్క ప్రయాణం చాలు. గొర్రెల మందలతో పాటు ఊరూరా తిరిగే మందకుక్కలు మన జిల్లాలో ఎన్ని దార్లు నడుస్తాయో గొర్రెలకాపరులను అడిగితే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇప్పుడు దేశమంతా వినిపిస్తున్నది. వీధికుక్కలనే లేకుండా చేస్తే సరిపోదా అని. కాటుకు గురైన పిల్లల తల్లిదండ్రుల కోపాన్ని నేను తక్కువ చేయను, రేబిస్ భయం ఊహ కాదు. కానీ గోమారి కోణం నుంచి చూస్తే ఈ ఉపాయం తిరగబడుతుంది. ఒక వీధిలో కుక్కలను ఒక్కసారిగా తీసేస్తే గోడల్లో ఉన్న గోమార్లు ఎక్కడికీ పోవు. ఆకలితో నెలలు కాచుకుంటాయి. ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వచ్చేలోపు దగ్గరగా దొరికే ఒళ్లు మనుషులవి. ఫ్రాన్సులో 2008లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఇవే గోమార్లను ఇరవైఅయిదు డిగ్రీల దగ్గర ఉంచితే మనిషిని పట్టించుకోలేదు, నలభై డిగ్రీల దగ్గర ఉంచితే మనిషి చర్మాన్ని ఉత్సాహంగా పట్టుకున్నాయి. నలభై డిగ్రీలు మనకు ఏప్రిల్ నెల మామూలు మధ్యాహ్నం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తన మునుపటి ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవాటినీ దుడుకుగా మీదపడేవాటినీ మినహాయించి, శస్త్రచికిత్స చేసి టీకా వేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. అందులోని న్యాయచర్చ నా విషయం కాదు. తిరిగి వచ్చే కుక్క గోమారికి ఉచ్చుగా తిరిగివస్తుందా, ఆహారంగా తిరిగివస్తుందా అన్నదే నా ప్రశ్న.

మూడోది, మనుషులకు ఆసుపత్రిలో మంచాలు చాలని చోట కుక్కల రక్తం గురించి ఉపన్యాసమా అనేది. ఈ ప్రశ్న వేసేవారితో నేను నిజాయితీగా మాట్లాడాలి, భయపెట్టి గెలవకూడదు. ఎర్లీషియా కేనిస్ మనిషికి సోకడం చాలా అరుదు, వెనిజులాలో కొద్దిమందిలో కనిపించిన మాట నిజమే అయినా దాన్ని పట్టుకుని గోల చేయడం తప్పు. ఈమధ్య పత్రికల్లో తరచుగా వస్తున్న స్క్రబ్ టైఫస్ కూడా గోమారి జబ్బు కాదు, పొదల్లో ఉండే నల్లికన్నా చిన్న పురుగుపిల్ల తెచ్చేది. కానీ ఇదే గోధుమరంగు గోమారి మోసే రికెట్సియా కొనోరై అనే ఇంకో బాక్టీరియా మనుషులకు మచ్చల జ్వరం తెస్తుంది. దాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అని మన దేశం పేరుతోనే వైద్యగ్రంథాలు పిలుస్తాయి. జ్వరం, తలనొప్పి, మూడు నాలుగు రోజుల తర్వాత అరచేతుల్లో అరికాళ్లలో కూడా దద్దు. ఆ దద్దును డెంగీగానో మందు పడకపోవడంగానో పొరబడడం సులువు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ రికెట్సియా గోమారి గుడ్డులోకి పోతుంది. తల్లి నుంచి పిల్లకు, తరం నుంచి తరానికి గోడలోనే కొనసాగగలదు. కుక్కల రక్తాన్ని మందులతో ఎంత శుభ్రం చేసినా దీనికి దెబ్బ తగలదు, గోమార్లు తగ్గితేనే తగ్గుతుంది. కుక్క కోసం గోడను బాగుచేసిన చోట, ఆ గోడ పక్కన మంచం వేసుకుని పడుకునే ముసలమ్మకూ రక్షణ దొరుకుతుంది. అయినా, కుక్క ప్రాణానికి విలువ ఉందని ఒప్పించడానికి మనిషి లాభం చూపించవలసి రావడం నాకు బాధగానే ఉంది. రాత్రంతా తోటకు కావలి కాసే జంతువు నొప్పి తనంతట తానుగా ఒక కారణం.

నాలుగో అభ్యంతరం విషాల గురించి, ఇది నేను చాలా గట్టిగా పట్టించుకునేది. గోమార్ల మీద యుద్ధం అనగానే చేతికి దొరికిన మందు కొట్టేస్తారు. పులివెందుల చుట్టూ చీనీతోటలు, అరటితోటలు. ప్రతి తోటలో ఒకటో రెండో కావలి కుక్కలు, అదే కొట్టంలో పురుగుమందుల డబ్బాలు. పంటమీద కొట్టే మందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూయడం, కిరోసిన్ రాయడం, పశువుకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని అంచనాగా కుక్కకు వేయడం, ఇవన్నీ గోమారికన్నా ముందు కుక్కను తీసుకుపోగలవు. సేంద్రియ భాస్వర మందులు కుక్క చర్మం ద్వారా దిగి నరాలను పట్టేస్తాయి. కోలీ రక్తం ఉన్న కుక్కలకు ఐవర్‌మెక్టిన్ మెదడులోకి పోతుంది. కుక్కకు పనికొచ్చే పర్మెత్రిన్ పిల్లిని చంపుతుంది. దీనికి తోడు మందులకు లొంగని గోమార్లు. మన దేశంలో పశువుల గోమార్లు డెల్టామెత్రిన్‌కు లొంగకపోవడం చాలా చోట్ల నమోదైంది. సగం మోతాదులో, ఇష్టమొచ్చినప్పుడు కొట్టిన ప్రతిసారీ మనం బలమైన గోమారినే ఏరి పెంచుతున్నాం. ఈ అభ్యంతరం నా వాదనను వెనక్కి లాగదు, దానికి దారి చూపిస్తుంది. ఎవరికి వారు కొట్టుకునే విషం కన్నా, వైద్యుడి లెక్కతో వీధి మొత్తానికి ఒకేసారి వేసే మందు తక్కువ పరిమాణంలో ఎక్కువ పనిచేస్తుంది. ఇక మందే అక్కర్లేని ఆయుధం ఒకటి ఉంది. నాపరాళ్ల సందులు సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చడం, కుక్క పడుకునే చోట గోడను మనిషి ఎత్తు దాకా నున్నగా మెత్తడం, పాత గోనెలను తగలబెట్టడం. ఏ గోమారీ సిమెంటుకు అలవాటు పడదు.

డాక్సీసైక్లిన్‌ను పరీక్ష లేకుండా ఇవ్వడం మందులకు లొంగని క్రిములను పెంచదా అని ఇంకో ప్రశ్న రావచ్చు, క్లుప్తంగా చెప్తాను. స్లైడులో గుత్తి కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదని అనలేం కాబట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయి, గోమార్లు ఉండి, జ్వరం ఉన్న కుక్కకు వైద్యుడు వెంటనే మందు మొదలుపెట్టడం సబబే. తప్పు ఎక్కడంటే మూడో రోజు కుక్క తింటోందని మాత్రలు ఆపేయడంలో, ప్లేట్‌లెట్లు లెక్కించకుండానే ప్రతి జ్వరానికీ అదే మాత్ర రాయడంలో. గోమార్లను తగ్గిస్తే ఈ మందు వాడకమే తగ్గుతుంది.

ఖర్చు మాట మిగిలింది. కొత్త మాత్రలు ఖరీదైనవే, పేద ఇంటికి భారమే. కానీ ఖర్చులో ఎక్కువ భాగం మాత్రది కాదు, వీధికుక్కను పట్టుకోవడానిది. ఆ పని మనం ఇప్పటికే చేస్తున్నాం. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం పురపాలక సంఘాలూ పంచాయతీలూ కుక్కలను పట్టించి, శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేయించి, చెవికి గాటు పెట్టి వదలాలి. ఆ కొద్ది రోజులు కుక్క వైద్యుడి చేతిలో ఉంటుంది. మత్తులో ఉన్న ఆ కుక్కకు అప్పుడే బొట్టు రక్తం తీసి ప్లేట్‌లెట్లు చూడొచ్చు, వదిలేటప్పుడు గోమార్ల మందు వేయొచ్చు. అదే వారంలో ఆ వీధిలోని పెంపుడు కుక్కలకూ వేయగలిగితే ఉచ్చు పూర్తవుతుంది. జిల్లా అంతా ఒకేసారి చేయమని నేను అడగడం లేదు. ప్రొద్దుటూరులో ఒక పాతపేట, జమ్మలమడుగులో నాపరాతి గోడల వీధి ఒకటి, పులివెందుల పక్కన తోటల గుంపు ఒకటి చాలు. మూడు రకాల చోట్లు, మూడు రకాల గోడలు, పక్కనే పోల్చి చూడడానికి ఏమీ చేయని మూడు చోట్లు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో మొదటి విడత, పన్నెండు వారాలకు రెండోది.

ఇది చేయగల మనుషులు ఈ జిల్లాలోనే ఉన్నారు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది. పులివెందులలో పశువుల మీద ఉన్నత పరిశోధన కోసమే కట్టిన కేంద్రం ఉంది. గోమారిని చూసి జాతి చెప్పగల విద్యార్థులు, స్లైడుకు రంగు వేయగల చేతులు, రక్తంలో క్రిమి జన్యువును పట్టగల యంత్రాలు పశువైద్య విద్యలో మామూలు సరంజామా. కావలసింది ఒక చిన్న మార్పు. జ్వరంతో వచ్చిన కుక్క పేరు, జాతి, వయసు, బరువు రాసే కాగితంలో ఇంకో గడి గీయాలి. ఏ వీధి, ఎలాంటి గోడ, గోమార్లు ఎప్పటినుంచి. ఆ గడిలో ఒకే వీధి పేరు మూడోసారి పడిన రోజున, యజమాని చేతికి మందుల చీటీ ఇచ్చి పంపడంతో పాటు, పురపాలక సంఘానికి ఒక ఉత్తరం కూడా వెళ్లాలి. అందులో కుక్క పేరు రాయనక్కర్లేదు. వీధి పేరు, గోడ రకం, నెల చాలు.